ఊరి బిడ్డకు జరిమానా

మా లోటోవాయిలో అన్నిటికన్నా పెద్ద ఇల్లు దేవుడిది. ఆ తర్వాత పాస్టరుగారిది. ఆ రెంటినీ లోపల పెట్టి తలుపేసుకోగలిగినంత పెద్దది ఇప్పుడు ఇంకోటి వచ్చింది. దాంట్లో మనుషులుండరు. కిటికీల్లేవు. సామోవా దేశంలో పుట్టినవాళ్ళ లెక్క, పోయినవాళ్ళ లెక్క, ఎవరి నేల ఎవరిదన్న పట్టాలు, అన్నీ ఆ ఇంట్లో యంత్రాల్లో దాస్తారట. ప్రభుత్వ డేటా సెంటర్. బయటి దేశంలో అప్పు తెచ్చి కట్టారు. ఆ అప్పు తీర్చాల్సింది నా కూతురి చంకలో ఉన్న పిల్ల. దానికింకా ఈ సంగతి చెప్పలేదు. పాపం, బోసినోటితో నవ్వుతోంది.

ఆ ఇంటికి కూతవేటు దూరంలో మా క్లినిక్ ఉంది. రెండు గదులు, ఒక నర్సు, ఒక ఫ్రిజ్. నర్సు నా ఆడపడుచు ఎసెటా. ఫ్రిజ్‌లో పసిపిల్లల టీకాలుంటాయి. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ ఫ్రిజ్ గురించే. మధ్యలో పందులొస్తాయి, మంత్రి వస్తాడు, నా తమ్ముడు సముద్రంలోకి పారిపోతాడు. వాటిని చూసి మీరు దారి తప్పకండి.

పెద్దింట్లో యంత్రాల్ని చల్లబరిచే ఫ్యాన్లు తిరగడం మొదలెడితే చాలు, మా లైన్లో కరెంటు చిక్కిపోయేది. బల్బులు పండుటాకు రంగుకి తిరిగేవి. క్లినిక్‌లో ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయేది. ఎసెటా టీకాల డబ్బా చంకనేసుకుని చేపల కొట్టుకి పరిగెత్తి, బొచ్చెడు ఐసులో ట్యూనా తలల పక్కన ఆ డబ్బా పాతిపెట్టేది. జిల్లా ఆరోగ్యాఫీసు వాళ్ళు వచ్చి చూశారు. ట్యూనాని చూశారు, ముక్కు మూసుకున్నారు. క్రిస్మస్‌లోగా నిలకడగా కరెంటు లేకపోతే క్లినిక్ మూసేసి నర్సుని రాజధాని ఆపియాకి మారుస్తామని చెప్పి పోయారు. క్లినిక్ మూసేస్తే మా ఆడవాళ్ళు నిండు కడుపుతో కొండ దాటి బస్సులో పోవాలి. బస్సు వచ్చిన రోజున.

"జనరేటర్ ఇప్పించండి" అని మా ఆడవాళ్ళ సంఘం మూడేళ్ళుగా తిరుగుతోంది. ఆ సంఘానికి పెద్దని నేనే, నా పేరు వైయోలా. వెళ్ళినప్పుడల్లా ఒకటే జవాబు: ఈ ఏడు డబ్బుల్లేవమ్మా. ఆ మూడేళ్ళలోనే ఆ పెద్దిల్లు లేచింది. దాని వెనకాల రెండు జనరేటర్లు, ఒక్కోటి బస్సంత. లైను పూర్తిగా పోతే తప్ప వాటికి పని లేదు. తిని కూర్చుంటాయి.

ప్రారంభోత్సవానికి మంత్రి వచ్చాడు. మేం పాత దుప్పటి మీద "మా క్లినిక్‌కి జనరేటర్ ఏదీ?" అని రంగుతో రాసుకుని వెళ్ళాం. మమ్మల్ని బ్యాండు మేళం వెనకాల నిలబెట్టారు. ట్రాంబోన్ వాయించేవాడి వీపు మా క్లినిక్‌ని కప్పేసింది. మిగిలిన "జనరేటర్ ఏదీ?" అన్న ముక్క చదివి మంత్రి మురిసిపోయాడు. "అమ్మలు జనరేటర్ చూడాలని ఎంత ముచ్చటపడుతున్నారో! తీసుకెళ్ళి చూపించండయ్యా" అన్నాడు. తీసుకెళ్ళారు. చూశాం. చాలా బాగున్నాయి.

ఆ తర్వాత ఆవా పోశారు, వేరు దంచి పిండిన మా మర్యాద పానీయం. ఆవా గిన్నె ముందు కూర్చుని ఆడిన మాట మాకు సంతకం కంటే గట్టిది. మంత్రికి అది తెలియక కాదు, ఆయనా ఈ మట్టిలో పుట్టినవాడే. కానీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, నోరు తియ్యగా ఉంది. కొబ్బరి చిప్ప రెండు చేతులా ఎత్తి పట్టుకుని అన్నాడు: "ఈ ఇల్లు ప్రభుత్వానిది కాదు. ఈ రోజు నుంచి ఇది లోటోవాయి కన్నబిడ్డ. మీ బిడ్డల్లో ఒకడిగా పెంచుకోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను పళ్ళు నూరాను. ఒక్క సావెలియో మాత్రం కళ్ళు మూసుకుని తలాడించాడు. సావెలియో మా ఊరి మతాయిల్లో, అంటే బిరుదున్న ఇంటిపెద్దల్లో, ఒకడు; ఊరి పెద్దల సభలో, అంటే ఫోనోలో, ఊరందరి తరఫున మాటాడేవాడు. కర్ర పట్టుకుని లేచాడంటే మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి పోతుంది. నాకు తమ్ముడు.

గొడవ ఆ వారంలోనే మొదలైంది. మా ఊళ్ళో సంధ్యవేళ సా పాటిస్తాం. మొదటి శంఖం ఊదితే ఎవరింటికి వాళ్ళు చేరాలి. రెండో శంఖానికి కూర్చుని ప్రార్థన మొదలెట్టాలి. మూడోది ఊదేదాకా కదలకూడదు. రోడ్డు మీద కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి కార్లు ఆపేస్తారు. పోలీసు జీపు వచ్చినా ఆగాల్సిందే. అలాంటిది, రెండో శంఖం ఊదీ ఊదగానే ఆ పెద్దిల్లు భోరుమంది. జనరేటర్ బాగుందో లేదో రోజుకోసారి దానంతటదే తిరిగి చూసుకుంటుందట. దానికి గడియారం పెట్టినవాడు తన దేశపు పొద్దుటి పూటకి పెట్టుకున్నాడు. అది మాకు సరిగ్గా సంధ్య. మూడో వీధిలో ముసలి పాస్టరుగారు కీర్తన పాడుతూ పాడుతూ గొంతు బొంగురుపోయి దగ్గు అందుకున్నారు.

సోమవారం ఫోనో కూర్చుంది. లోపలికి ఆడవాళ్ళం పోం గాని, మా ఇళ్ళకి గోడలుండవు. గుంజల మధ్య చాప అల్లుకుంటూ కూర్చుంటే అన్నీ వినపడతాయి.

"ఆ ఇల్లు ఎవరి బిడ్డ?" అన్నాడు సావెలియో కర్ర మీద ఆనుకుని.

"మంత్రి మన బిడ్డన్నాడు."

"మన బిడ్డ సా వేళ అరిస్తే ఏం చేస్తాం?"

"జరిమానా వేస్తాం."

"పాస్టరుగారి మేనల్లుడు ఆ పూట మోటారు సైకిలు తోలితే ఏం చేశాం?"

"పందిని తీసుకున్నాం. మంచి పంది."

"మరి వీడు మేనల్లుడికంటే గట్టిగా అరిచాడు కదా?"

అంతే. అయిదు ఆడపందులు, ఇరవై పెట్టెల డబ్బా చేపలు. ఇలాంటి తీర్పు చెప్పేటప్పుడు నా తమ్ముడి ముఖం చూడాలి. ఏ దేశపు సుప్రీంకోర్టూ చాలదు.

కబురు పట్టుకుని తనే గేటు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకాల వెళ్ళాను, ఎందుకు మానేస్తాను. డేటా సెంటర్ డైరెక్టరు కెనెటి బయటికొచ్చాడు. ఆపియా పిల్లాడే, వెల్లింగ్టన్‌లో చదివొచ్చాడు. బూట్లు అద్దాల్లా ఉన్నాయి.

"పెద్దాయనా, ఇది ప్రభుత్వ ఆస్తి. యంత్రాలకి జరిమానా ఏమిటండీ?" అని నవ్వాడు.

"యంత్రాలకి ఎవరేశారు నాయనా? మా బిడ్డకి వేసుకున్నాం. నువ్వు వాడి బాగోగులు చూసేవాడివి కాబట్టి నీకు చెప్పాం."

"మంత్రిగారు ఏదో మర్యాదకి అన్న మాటండీ అది..."

"ఏదీ, ఆవా ముందు కూర్చుని ఆడింది ఉత్తమాటని ఆయన్నొచ్చి చెప్పమను. ఇదే గేటు దగ్గర నిలబడి చెప్పమను. రేడియో వాళ్ళని మేం పిలుస్తాం."

కెనెటి నవ్వు సగంలో ఆగింది. ఎన్నికలున్నాయని వాడికీ తెలుసు.

జరిమానా కట్టనివాణ్ణి మేం కొట్టం, తిట్టం. ఊరికి దూరంగా ఉంచుతాం. మర్నాటి నుంచి పెద్దింటి కాపలావాళ్ళు పనిలోకి పోలేదు, అందరూ మా ఊరివాళ్ళే. ఊడ్చేవాళ్ళు పోలేదు. కెనెటికి కొట్లో ఎవరూ రొట్టె అమ్మలేదు. అంత చదువుకున్నవాడు గేటు తనే తెరిచి, కారు లోపల పెట్టి, దిగొచ్చి తనే మూసుకునేవాడు. రోడ్డవతల కాపలావాళ్ళు చెట్టుకింద డామినోలు ఆడుకుంటూ, "కుడివైపు గడియ గట్టిగా నొక్కాలి సార్, అది మొండిది" అని సలహాలిచ్చేవాళ్ళు.

అంతటితో పోలేదు. బిడ్డకి నోరు లేదు కాబట్టి వాడి తరఫున మనిషి ఊరికి ఊడిగం చెయ్యాలని ఫోనో తేల్చింది. బిరుదు లేని కుర్రాళ్ళు ఎలా చేస్తారో అలాగే. శనివారం కెనెటి రావాలి, ఆదివారం విందుకి ఉము పొయ్యి పేర్చాలి, రాళ్ళు కాల్చాలి, కొబ్బరి తురమాలి. వస్తాడనుకోలేదు. వచ్చాడు. "పై నుంచి ఫోనొచ్చింది. ఊరివాళ్ళని మంచి చేసుకోమన్నారు" అన్నాడు బిక్కముఖంతో.

తురుం పీట మీద కూర్చోబెట్టాం. మా ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఇలాంటి వినోదం క్రిస్మస్‌కి కూడా దొరకదు.

"ఏం బాబూ, ఆ కొబ్బరికాయ నీకేం అపకారం చేసింది? అలా రక్కుతున్నావేంటి?" అంది ఎసెటా.

"దీనికి మిషన్లుంటాయండీ" అన్నాడు కెనెటి చెమట తుడుచుకుంటూ.

"ఉంటాయి. కరెంటు ఉండదు. నీ ఇల్లు తాగేస్తోందిగా."

అందరూ గొల్లుమన్నారు. వాడు తలొంచుకుని తురిమాడు. రెండు కాయలయ్యాక పొగకో దిగులుకో కళ్ళు ఎర్రబడ్డాయి. నేను కోకో గ్లాసు చేతికిచ్చాను. మనిషి చెడ్డవాడు కాదు. జీతం తీసుకుని అబద్ధాలు మొయ్యడం ఇంకా అలవాటు కాలేదు, అంతే.

"పందులు ఎప్పుడిస్తావ్?" అన్నాను.

"అక్కా, నా వల్ల కాదక్కా. ఆ ఇల్లు కట్టడానికి కోట్లు ఖర్చుపెట్టారు, ఒక్క పూటలో సంతకాలైపోయాయి. పందికి మాత్రం పద్దు లేదు. బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా పంది అన్న మాటే లేదు. కొనుగోళ్ళ ఆఫీసరు పెద్ద మనసు చేసుకుని, సరే, ఇతర సామగ్రి కింద రాద్దాం, మూడు దుకాణాల నుంచి ధరలు తెప్పించు, తక్కువ చెప్పినవాడి దగ్గర కొను అన్నాడు."

"తెప్పించావా?"

"ఎవరి దగ్గర? మీ ఊళ్ళో పంది ఉన్నవాడెవడూ నాతో మాట్లాడడు. పక్క ఊళ్ళో ఒకాయన్ని రసీదు ఇస్తావా అంటే, పంది పుట్టినప్పుడు దాని తల్లి నాకేం రసీదు ఇవ్వలేదన్నాడు. పైగా ఆఫీసువాళ్ళు, పందికి ఎన్నేళ్ళ గ్యారంటీ అని అడుగుతున్నారు."

ఎసెటా నవ్వి నవ్వి తురిమిన కొబ్బరిలో చెయ్యి ఆనించి కూలబడింది.

"అది సరే గాని, ఆ ఇంట్లో ఏం దాస్తున్నారు? అంత హోరేంటి?" అన్నాను.

కెనెటి అటూ ఇటూ చూశాడు. గోడల్లేని ఊళ్ళో అటూ ఇటూ చూసి లాభం లేదు. అయినా చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకండి. భూమి శాఖవాళ్ళు తమ కాగితాలు తామే దాచుకుంటామన్నారు. పన్నులవాళ్ళు అసలు ఫోనే ఎత్తట్లేదు. ఇప్పటికి ఆ ఇంట్లో కాపురం ఉంటున్నది ఒక్కటే. కుక్కల లైసెన్సులు."

"కుక్కలా?"

"ఆపియా ఊరి కుక్కలు. అవన్నీ కూడా కాదు, ఈ ఏడు పట్టీ కట్టించుకున్నవి."

మా పిల్లల టీకాలు చేప తలకాయల మధ్య పడుకుంటున్నాయి. ఆపియా కుక్కల పేర్లు మాత్రం చలిగదిలో హాయిగా నిద్రపోతున్నాయి. తురుం పీట ఎత్తి ఎవరి నెత్తిన వెయ్యాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నవాడు పాపం కొబ్బరి తురుముతున్నాడు.

అప్పుడు అడిగాను. "పందికి పద్దు లేదు సరే. తీగకి ఉందా?"

"తీగకా? తీగకి ఎప్పుడూ ఉంటుందక్కా. లక్షణంగా ఉంటుంది. ఆ పద్దు ప్రతి ఏడూ మిగిలిపోతుంది కూడా."

"నీ ఇంట్లోంచి మా క్లినిక్ దాకా ఒక తీగ లాగితే?"

కెనెటి తురమడం ఆపాడు. ఆ బుర్రలో ఏదో తిరిగింది. "లోపలి కరెంటు ఎప్పుడూ చిక్కదు, ఎప్పుడూ పోదు. క్లినిక్‌కి ఎంత కావాలి, ఒక ఫ్రిజ్జు, రెండు బల్బులు. ఆ మాత్రం మా యంత్రాలకి తెలియను కూడా తెలియదు. బయటివాళ్ళకి ఇవ్వకూడదు గాని, కాపలా గదులకి లాగొచ్చు. క్లినిక్‌ని మూడో కాపలా గది అని రాస్తే..." అని చేతికంటిన కొబ్బరి దులుపుకున్నాడు. "కానీ నా అంతట నేను లాగలేను. జరిమానా తీర్చడానికి అంటే పై నుంచి సంతకం పెడతారు, మంత్రిగారి మాట నిలుస్తుంది కదా. జరిమానా పందులని ఉంది. తీగ అని మీ ఫోనో మార్చాలి."

ఎసెటా నా వైపు చూసింది. క్రిస్మస్ ఎంతో దూరం లేదు. "వదినా, నీ తమ్ముడే కదా" అంది.

తమ్ముడే. అదే చిక్కు. మా దగ్గర అక్క నోరు తెరిచి అడిగితే తమ్ముడు కాదనడు. అది మా రక్తంలో ఉన్న ఒప్పందం. సావెలియో ఊరి మొత్తాన్నీ కాదంటాడు, నన్ను కాదనలేడు. కానీ మహా తెలివైనవాడు. కాదనకుండా ఉండాలంటే అడగనివ్వకుండా ఉంటే చాలు కదా!

వాడికి పందులు కావాలి. ఆశ అనుకునేరు, అదొక్కటే కాదు. ప్రభుత్వం నుంచి పందులు గుంజిన మతాయి ఈ తీరంలో ఇంతవరకు లేడు. అయిదు పందుల్ని కోసి, ఎవరి హోదాకి తగ్గ ముక్క వాళ్ళకి పంచి, నడిమధ్యన కర్ర పట్టుకుని నిలబడాలని వాడి కోరిక. తీగని ఎలా కోసి పంచుతాడు? నడుం ముక్క ఎవరికి, తొడ ఎవరికి?

నేను తీగ సంగతి తలపెట్టానని ఆ సాయంత్రానికే వాడికి తెలిసింది. సోమవారం వాడింటికి వెళ్తే, పగడపు దిబ్బ మీదికి ఆక్టోపస్‌ల వేటకి పోయాడంది మరదలు. వాడికి ఆక్టోపస్ పడదు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు. ఆ మర్నాడు వెళ్తే చర్చి పైకప్పు మీద మేకులు కొడుతున్నాడట. కింద నిలబడి "తమ్ముడూ" అని పిలిచాను. పైన సుత్తి చప్పుడు జోరందుకుంది. ఆ చర్చికి ఆ వారం ఎన్ని మేకులు దిగాయో దేవుడికే తెలియాలి. ఇంకోసారి దారిలో ఎదురుపడితే, నన్ను చూసి అరిటి తోటలోకి దూరి, అవతలి గట్టు దగ్గర కీలు తప్పిన మనిషిలా కుంటుతూ పోయాడు. అరవై దాటిన మనిషి! ఊరి తరఫున మాటాడేవాడు!

"జిల్లావాళ్ళు వచ్చే వారం శుక్రవారం వస్తారట వదినా" అంది ఎసెటా. అప్పటికే సామాన్లు సర్దడం మొదలెట్టింది. బిడ్డల బరువు చూసే తక్కెడ అట్టపెట్టెలో పెట్టి ఉంది. దాన్ని చూస్తే నాకు ఇంక ఓపిక పట్టలేదు.

ఆ రోజు మొదటి శంఖం ఊదగానే నేను మా ఇంటికి పోలేదు. సావెలియో ఇంటికి పోయి, చాప మీద నడిమధ్యన కూర్చున్నాను. వాడు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి నన్ను చూశాడు. వెనక్కి తిరిగాడు. రెండో శంఖం ఊదింది.

ఇంకెక్కడికి పోతాడు? కదిలితే ఎవరు జరిమానా వెయ్యాలి? వాడే.

వచ్చి కూర్చున్నాడు. సా వేళ మాటలుండవు, ప్రార్థన తప్ప. ఆ ధైర్యంతోనే కూర్చున్నాడు. వాడి ముఖంలో చిన్న నవ్వు కూడా చూశాను. కానీ ఇంటికి అక్క వస్తే ప్రార్థన చెప్పమని ఆమెనే అడగాలి, అది మర్యాద. మరదలు వాడి మోకాలు పొడిచింది. వాడు చాప అంచు సర్దాడు. మళ్ళీ పొడిచింది.

"అక్కా... నువ్వే చెప్పు ప్రార్థన" అన్నాడు నేలకేసి చూస్తూ.

నేను కళ్ళు మూసుకున్నాను. నా గొంతు సంగతి మీకు తెలియదు. ట్రాంబోన్‌ని దాటుకుని పోలేకపోయింది గాని, లోటోవాయిలో అన్ని ఇళ్ళకీ వినపడుతుంది.

"తండ్రీ, ఈ ఇంటిని దీవించు. ఈ ఇంటి పెద్దని దీవించు. చేపల వేటకి పోయినా, మేకులు కొట్టినా, అరిటి తోటలో కుంటినా వాడు నా తమ్ముడే. నీకు తెలుసు తండ్రీ, వాడు పుట్టినప్పుడు మంత్రసాని ఈ ఊళ్ళోనే ఉండబట్టి వాడికి ఊపిరందింది. వాడి మనవలకి సూది వేసిన నర్సు ఇప్పుడు పెట్టెలు సర్దుకుంటోంది. తండ్రీ, వాడికి పందులంటే ఇష్టం. నీకూ తెలుసు. పందులు తిన్నాక ఎముకలు మిగులుతాయి. తీగ అయితే తింటే అయిపోదు. ప్రభుత్వ పుస్తకంలో పందికి చోటు లేదు ప్రభువా, తీగకి ఉంది. ఈ అక్క నీ సన్నిధిలో ఒక్కటే అడుగుతోంది, జరిమానా తీగగా మార్చే బుద్ధి వాడికియ్యి..."

పక్కింట్లోంచి "ఆమెన్" అని వినపడింది. ఎదురింట్లోంచీ వినపడింది. ఇంకా అయిపోలేదని నేను గొంతు పెంచాను. పసిబిడ్డల పేర్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. మా ఊళ్ళో పసిబిడ్డలకి కరువు లేదు. వాడి పొయ్యి మీద సూపు మాడు వాసన వేసింది. మూడో శంఖం ఊదింది. నేను ఆమెన్ అనలేదు. ఆమెన్ అనందే ఎవరూ లేవకూడదు. రోడ్డు మీద ఆగిన కార్లవాళ్ళు హారన్ కొట్టబోయి, వినపడుతున్న ప్రార్థన ఎవరిదో అర్థమై మానేశారట.

"...ఇంకా, దక్షిణం వీధి పిల్లలు, తండ్రీ..."

"అక్కా" అన్నాడు సావెలియో.

నేను ఆగాను. కళ్ళు తెరవలేదు.

"తీగే. ఆమెన్ అను."

"ఆమెన్" అన్నాను. మా వీధి మొత్తం అంది.

"దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తమ్ముడి మెడ పట్టుకున్నావు" అన్నాడు లేస్తూ.

"మెడ దొరకనిస్తేగా వేరే పూట" అన్నాను.

మర్నాడు ఫోనోలో వాడే లేచి మాటాడాడు. తీగ ఆలోచన ఎవరిదో వినేవాళ్ళకి తెలియదన్నట్టు, తనే రాత్రంతా కూర్చుని ఆలోచించినట్టు మాటాడాడు. ఊరి బిడ్డకి క్లినిక్ అక్కవుతుందన్నాడు. ఈ ఊళ్ళో ముందు పుట్టింది అదే కదా, తమ్ముడు అక్కకి ఇంత వెలుగు పెట్టడం జరిమానా కాదు, పద్ధతి అన్నాడు. ఒక్క ముసలాయన గొణిగాడు, "మరి పంది?" అని. ఆ బాధ సావెలియో ముఖంలోనూ ఉంది.

పంది కూడా వచ్చింది. ఒకటే. కెనెటి తన జీతంలోంచి కొని, ఆఫీసు కారులో తెచ్చాడు. సీటు పాడైంది, దాన్ని బాగుచేయించడానికి పద్దు ఉందట. సావెలియో ఆ ఒక్క పందినే అయిదు పందులంత గంభీరంగా కోసి పంచాడు. సా వేళకి జనరేటర్ తిరగకుండా గడియారం మార్చారు. ఫ్యాన్లు కూడా ఆ కాసేపు నెమ్మదిస్తాయి. కుక్కలకి చెమట పట్టదులే అన్నాడు కెనెటి.

తీగ ఎప్పుడొచ్చిందో చెబితే మీకు కోపం వస్తుంది. కెనెటి సోమవారం పొద్దున కాగితం పంపాడు. మధ్యాహ్నానికి సంతకమైంది. బుధవారం లారీ వచ్చింది. మూడేళ్ళు! మూడేళ్ళు మేం మెట్లెక్కి దిగి, చెమటలు కార్చి, ఆఫీసుల ముందు బెంచీల మీద కునికిపాట్లు పడి అడిగితే లేని డబ్బు, పంది బదులు తీగ అనగానే ఒక్క పూటలో ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఇదే మాట లారీ వెంట వచ్చిన ఆఫీసరుని అడిగాను. "మీరు జనరేటర్ అడిగారమ్మా, తీగ అడగలేదు" అన్నాడు. వాడికి దెబ్బ తగలకుండా ఎసెటా నన్ను పట్టుకుంది.

క్లినిక్ గుమ్మం మీద ఇప్పుడు 'కాపలా గది-3' అని రేకు పలక ఉంది. ప్రభుత్వం వాళ్ళే మేకులు కొట్టి పోయారు. ఎసెటా ఆ పలక కొక్కేనికే పసిబిడ్డల తక్కెడ వేలాడదీసింది. శుక్రవారం జిల్లావాళ్ళు వచ్చారు. ఫ్రిజ్ తెరిచి చూశారు, చల్లగా ఉంది. వాసన చూశారు, ట్యూనా లేదు. పలక చదివి ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. "మా పుస్తకంలో దీన్నేమని రాయాలి?" అన్నాడు పెద్దవాడు.

"క్లినిక్ అని రాయండి. అది మీ పుస్తకం. కాపలా గది వాళ్ళ పుస్తకం. రెండు పుస్తకాలూ ఎప్పుడైనా ఒకే బల్ల మీద చూశారా?" అంది ఎసెటా.

ఆలోచించాడు. చూడలేదన్నాడు. క్లినిక్ అనే రాసుకుని, నర్సుని కదపక్కర్లేదని సంతకం పెట్టి పోయాడు.

గెలిచాం అని ఊళ్ళో పాటలు పాడారు. నేను పాడలేదు. ఒక ఫ్రిజ్జుకి కరెంటు రావడానికి ఒక మంత్రి తియ్యగా మాటాడాలి, ఒక జనరేటర్ తప్పు వేళకి అరవాలి, ఒక తమ్ముడు సా వేళకి దొరకాలి. ఇవన్నీ కలిసిరాని ఊళ్ళు ఎన్నున్నాయి ఈ దీవిలో?

ఒకటైతే ఆ మర్నాడే కాళ్ళ మీద నడిచి వచ్చింది. పక్క ఊరు సాలెఫాగా ఆడవాళ్ళు, నెత్తిన గొడుగులు, చేతుల్లో చుట్టిన చాపలు. ముందు నడుస్తున్నది వాళ్ళ సంఘం పెద్ద ఫాఅమను.

"అక్కా, మీ బిడ్డ అరుపు మాకూ వినపడుతోంది" అంది కూర్చుంటూనే.

"ఇప్పుడు అరవట్లేదు కదే. సా వేళ గొంతు తగ్గించాడు."

"మీ సా వేళకి తగ్గించాడు. మా పాస్టరుగారి గడియారం ముందు నడుస్తుంది. మా సా అయిపోయాక మీది మొదలు."

"మీ క్లినిక్‌లో ఫ్రిజ్ ఉందా?"

"ఉంది. కరెంటే, వచ్చినప్పుడు వస్తుంది."

"మీరు జరిమానా వెయ్యాలంటే వాడు మీకు ఏదో ఒకటి అవ్వాలి కదే. మంత్రి మీ ఊళ్ళో ఆవా తాగలేదుగా."

ఫాఅమను తొణకలేదు. దారంతా ఆలోచించుకునే వచ్చిందని ముఖమే చెబుతోంది. "మీ సావెలియోకి పిల్లనిచ్చింది మేమే కదా. ఆ పెద్దిల్లు మీకు బిడ్డయితే, మాకు మా ఊరి ఆడపడుచు బిడ్డ. మేనమామల ఊరి ముందు అరుస్తాడా?"

నేను చాప ఇంకాస్త జరిపి, అందరినీ కూర్చోమన్నాను. కోకో పెట్టమని లోపలికి కేకేశాను. కెనెటికి కబురు పంపాను, కొలత టేపు పట్టుకుని రమ్మని. పొడుగుది తెమ్మన్నాను.